"నా జబ్బు నేనే చూసుకుంటా" అంటున్న తమ్ముడికి అక్క ఏం చెప్పాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. తమ్ముడికి ఇరవై ఏడేళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బైపోలార్ (మనసు ఒక్కోసారి అతి హుషారుకీ, ఒక్కోసారి లోతైన దిగులుకీ పోయే జబ్బు) అని తేలి మూడేళ్లయింది. రెండోసారి మేనియా, అంటే ఆ అతి హుషారు దశ, వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఈమధ్యే డిశ్చార్జ్ అయ్యి గుంటూరులో మీ దగ్గరే ఉన్నాడు, మనసును నిలకడగా ఉంచే లిథియం మాత్రలు వాడుతున్నాడు. ఇప్పుడేమో "ప్రతిదానికీ డాక్టర్నీ మిమ్మల్నీ అడగను, నాలాంటివాళ్లతో కలుస్తా, నా జబ్బు నేనే చూసుకుంటా" అంటున్నాడు. ఇది మందులు మానేయడానికి వేస్తున్న ఎత్తా, లేక నమ్మొచ్చా? నమ్మితే అలాంటివాళ్లని ఎక్కడ వెతకాలి?

నేనూ చాలా ఏళ్లుగా లిథియం వేసుకుంటున్న మనిషినే. మా ఊళ్లో నాలాంటివాళ్లం కొందరం నెలకు రెండుసార్లు కూర్చుంటాం. ఆ కూర్చోవడాన్ని నడిపే పని ఎక్కువగా నా మీదే పడుతుంది. డాక్టర్ని కాను, కాబట్టి మందుల గురించి ఇక్కడ రాసింది ఏదైనా మీ డాక్టరు ఔనన్నాకే పాటించండి.

మీ తమ్ముడు అంటున్నది చెడ్డ మాటేమీ కాదు. కాకపోతే ఆ మాటలో రెండు విషయాలున్నాయి, తోటివాళ్లతో కలవడం ఒకటి, సొంతంగా చూసుకోవడం ఒకటి. అవి విడివిడిగా ఉంటే పెద్దగా పనిచేయవు, కలిస్తే పనిచేస్తాయి. డాక్టరు స్థానంలో మాత్రం రెండూ కలిసినా నిలబడవు. నేను చెప్పాల్సిందల్లా ఇంతే, మిగతాదంతా దీని వివరమే.

ఎత్తా కాదా అన్న అనుమానం ముందు తీర్చుకోండి. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఈ మాటే అంటారు. చేర్చేటప్పుడు నిర్ణయాలన్నీ పక్కవాళ్లవే కదా. ఏ ఆసుపత్రి, ఏ ఇంజెక్షన్, ఫోను ఎవరి దగ్గరుండాలి, ఇంటికి ఎప్పుడు పంపాలి, ఏదీ అతన్ని అడిగి చేసింది కాదు. ఇంటికొచ్చాక పగ్గాలు మళ్లీ తన చేతికి రావాలని అనిపించడం ఆరోగ్యమే. మందుల సంగతి వేరుగా, నేరుగా అడగండి. "మానేద్దామని ఉందా? ఉంటే దేనివల్ల?" అని. బరువు పెరిగానని చెప్పొచ్చు, చెయ్యి వణుకుతోందని చెప్పొచ్చు, బుర్ర మొద్దుబారినట్టుందని చెప్పొచ్చు. మీకు చెప్పలేని కారణమూ ఉండొచ్చు. ఏదైనా అది డాక్టరు దగ్గర పెట్టాల్సిన కారణమే. ఎత్తు అని కొట్టిపారేస్తే ఆ కారణం మీకు ఎప్పటికీ తెలియదు, మాత్రలు మాత్రం ఒకరోజు మాయమవుతాయి.

అసలు ఈ జబ్బును ఎవరు చూసుకుంటున్నారో ఒకసారి లెక్క వేయండి. ఓపీలో డాక్టరు అతనితో మాట్లాడేది నెలకు పది నిమిషాలు, రద్దీ ఉన్న రోజున ఇంకా తక్కువ. మిగతా నెలంతా ఎన్నింటికి పడుకోవాలి, రాత్రి కాల్ ఎత్తాలా వద్దా, ఈ హుషారు మామూలు హుషారేనా అని నిర్ణయించేది అతనే. ఇష్టమున్నా లేకపోయినా తన జబ్బును తనే చూసుకుంటున్నాడు. బాగా చూసుకోవడం ఎలాగో ఎవరూ నేర్పలేదు, అంతే. "షుగర్ లాంటిదే, మందు వేసుకుంటే సరి" అని డాక్టర్లు ధైర్యం చెప్తారు. మంచి మనసుతోనే చెప్తారనుకోండి, కానీ షుగర్ ఉన్నవాడు పెళ్లిలో గట్టిగా నవ్వితే చుట్టాలందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోరు. ఆ చూపుల మధ్య బతకడం కూడా నేర్చుకోవాలి, అది ప్రిస్క్రిప్షన్‌లో ఉండదు.

2018లో లాన్సెట్ పత్రికలో ఇంగ్లండుకు చెందిన ఒక పరిశోధన వచ్చింది. మీ ప్రశ్నకు నేరుగా సంబంధించింది. మానసిక సంక్షోభం వచ్చినప్పుడు చూసే అత్యవసర బృందాల వైద్యం ముగించుకుని బయటపడ్డ 441 మందిని రెండు భాగాలు చేశారు. అందరికీ ఒకటే వర్క్‌బుక్. అందులో ఎవరికి వారు తమ లక్ష్యాలు, జబ్బు తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులు, అప్పుడు చేయాల్సిన పనులు రాసుకోవాలి. ఒక భాగానికి ఆ పుస్తకాన్ని పోస్టులో పంపి ఊరుకున్నారు. రెండో భాగానికి పుస్తకంతో పాటు ఒక మనిషిని కూడా ఇచ్చారు. ఒకప్పుడు తనూ ఇలాంటి జబ్బు పడి కోలుకుని, శిక్షణ తీసుకున్న మనిషి. పదిసార్ల వరకు కలిసి, కబుర్లు చెప్పుకుంటూ, ఆ పేజీలు నింపారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ అత్యవసర వైద్యంలో చేరాల్సి వచ్చినవాళ్లు పుస్తకం మాత్రమే అందుకున్నవాళ్లలో 38 శాతం, మనిషి తోడున్నవాళ్లలో 29 శాతం. మామూలు వైద్యం రెండు భాగాలకీ అందుతూనే ఉంది.

దీనికి తిరగేసిన పాఠం బార్సెలోనాది, 2003లో వచ్చింది. అక్కడ బైపోలార్ ఉండి, మందులు వాడుతూ, నిలకడగా ఉన్న 120 మందిని తీసుకున్నారు. సగం మందికి వారం వారం గ్రూపులో కూర్చోబెట్టి 21 సెషన్లలో జబ్బు గురించి, ముందస్తు గుర్తుల గురించి, మందుల గురించి, క్రమం తప్పని దినచర్య గురించి పద్ధతిగా నేర్పారు. మిగతా సగాన్ని కూడా అన్నిసార్లూ గ్రూపుగానే కూర్చోబెట్టారు, కానీ ఏ పాఠమూ లేదు, ఊరికే కలిసి మాట్లాడుకోవడమే. రెండేళ్లలో జబ్బు తిరగబెట్టినవాళ్లు పద్ధతిగా నేర్చుకున్న గ్రూపులో 67 శాతం, ఊరికే కూర్చున్న గ్రూపులో 92 శాతం. నేర్పింది సైకాలజిస్టులు, పేషెంట్లు కాదు. అయినా మనకు పనికొచ్చే సంగతి ఇందులో ఉంది. ఒకేలాంటి జబ్బున్నవాళ్లు ఒకచోట కూర్చున్నంత మాత్రాన ఏదో జరిగిపోదు. మీ తమ్ముడు వాట్సాప్ గ్రూపులో చేరి రోజూ గుడ్ మార్నింగ్‌లు పంపుకున్నా అంతే.

ఈ 67 శాతాన్ని చూసి కూడా భయపడకండి. బైపోలార్‌లో మళ్లీ రావడం మామూలు. ఎంత త్వరగా పట్టుకున్నాం, ఎంత నష్టంతో బయటపడ్డాం అన్నదే తేడా. ఇంకో హద్దు కూడా చెప్పేస్తాను. తోటివాళ్ల తోడు మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే అది ఎక్కువగా పెంచేది ఆశని, తన బతుకు తన చేతిలో ఉందన్న ధైర్యాన్ని. జబ్బు లక్షణాల మీద దాని ప్రభావం తక్కువే. లక్షణాల పని మందులది.

మరి ఆ తోటి మనిషి చేసేదేమిటి? మా దగ్గర జరిగే సంభాషణల్లో ఎక్కువ భాగం మీరు ఊహించేవి కావు. మేనియా దిగిపోయాక మిగిలే సిగ్గు గురించి ఎక్కువ మాట్లాడుకుంటాం. మేనేజర్‌కి అర్ధరాత్రి పంపిన ఈమెయిల్, మేనత్తని అందరి ముందు అన్న మాట, లోన్ యాప్‌లో తీసుకున్న అప్పు, ఎవరికో రాసిన ప్రేమలేఖ. ఇంట్లోవాళ్లు "పోనీలే, అప్పుడు నీ మనసు బాలేదు కదా" అంటారు. ప్రేమతోనే అంటారు, అయినా ఆ మాటకి ఇంకాస్త కుంగిపోతాం. పక్కన కూర్చున్న ఇంకో మనిషి "నేను మా బాస్‌కి పదకొండు పేజీలు రాశా, వాయిస్ మెసేజ్‌లు వేరే" అంటే ఫక్కున నవ్వొస్తుంది. మొదటిసారి నవ్వొస్తుంది. మేనియా తరువాత వచ్చే డిప్రెషన్లో ఆ సిగ్గుకీ పాలుంటుంది, కాబట్టి ఆ నవ్వుకి విలువుంది.

ఇంకొకటి, మందుల గురించి నిజం మాట్లాడుకోవడం. లైంగిక కోరిక తగ్గిందని మీ తమ్ముడు మీకు చెప్పడు, ఓపీలో వెనకాల పదిమంది నిలబడి ఉంటే డాక్టరుకీ చెప్పడు. సాటి మగాడు "నాకూ అలాగే అయింది, డాక్టర్ని అడిగితే మార్చాడు" అంటే, వచ్చే నెల ధైర్యంగా అడుగుతాడు. మానేయాలనుకున్న మాత్ర మారిన మాత్ర అవుతుంది. ఇక మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. సంతోషాన్నీ మేనియానీ వేరు చేసుకోవడం. జబ్బు వచ్చినవాడు ఏ సంతోషాన్నైనా అనుమానంగా చూడటం మొదలుపెడతాడు, ఇంట్లోవాళ్లు అంతకన్నా ఎక్కువ అనుమానంగా చూస్తారు. ప్రమోషన్ వచ్చి పాట పాడుకుంటే "మాత్ర వేసుకున్నావా" అని అడుగుతారు. మాలో ఒకాయన తన పద్ధతి చెప్తుంటాడు. సంతోషం వచ్చిన రాత్రి కూడా నిద్ర వస్తే అది సంతోషమే, నిద్ర అక్కర్లేదనిపిస్తే డాక్టరుకి ఫోన్ చేయాలి. పాఠ్యపుస్తకంలో ఇంత సులువుగా ఉండదు, అందరికీ ఇదే కొలత సరిపోదు కూడా. కానీ అది బతికి తెలుసుకున్నవాడి మాట కాబట్టి కుర్రాళ్లు వింటారు.

ఇది మనకు మరీ కొత్త సంగతేమీ కాదు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్నంలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ మీటింగులు ఇప్పుడు హైదరాబాదు, విశాఖల్లోనూ జరుగుతాయి. 2014 నుంచి గుజరాత్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్వాలిటీరైట్స్ పద్ధతిని ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో అమలు చేసినప్పుడు, కోలుకున్న పేషెంట్లకు శిక్షణ ఇచ్చి పీర్ సపోర్ట్ వాలంటీర్లుగా తీసుకున్నారు. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి జిల్లా ఆసుపత్రిలో అలాంటివాళ్లు ఒకరైనా ఉంటే ఈ ప్రశ్న మీరు నన్ను అడగాల్సిన పని ఉండేది కాదు.

ఇక కాగితం సంగతి. 1997లో అమెరికాలోని వెర్మాంట్‌లో జబ్బు పడి కోలుకున్న కొందరు కలిసి ర్యాప్ అనే పద్ధతి తయారుచేశారు. బాగున్న రోజుల్లో కూర్చుని, బాగోలేని రోజుల కోసం రాసి పెట్టుకోవడం అందులోని కీలకం. ఫారాలూ పేర్లూ ఏవైనా ఫరవాలేదు, తెల్లకాగితం చాలు. కానీ రాసేది మీ తమ్ముడే అయ్యుండాలి, అతని మాటల్లోనే ఉండాలి.

మొదట తను బాగున్నప్పుడు ఎలా ఉంటాడో రాయాలి. ఇది అనవసరం అనిపిస్తుంది గానీ ఇదే కొలబద్ద. అతను సహజంగానే మాటకారి అయితే ఎక్కువ మాట్లాడటం గుర్తు కాదు. తరువాత మార్పు మొదలైనప్పటి గుర్తులు. ఇక్కడ "చిరాకు, నిద్ర తగ్గడం" అని ఇంటర్నెట్‌లో దొరికేవి ఎత్తి రాస్తే లాభం లేదు. క్రితం రెండుసార్లూ మేనియాకి ముందు పది పదిహేను రోజులు ఏం జరిగిందో అతనూ మీరూ విడివిడిగా గుర్తుచేసుకుని రాసి, పోల్చి చూడండి. బ్యాంకు స్టేట్‌మెంటు, కాల్ లిస్టు, వాట్సాప్‌లో మెసేజ్‌ల టైము చూస్తే మీ జ్ఞాపకం కన్నా అవే బాగా చెప్తాయి. మా గ్రూపులో ఒకరికి మొదటి గుర్తు పదో తరగతి స్నేహితులందరికీ వరసగా ఫోన్ చేయడం. ఇంకొకరికి ట్రేడింగ్ యాప్. ఒకామెకి ఇల్లంతా సర్దడం, అదీ తెల్లవారుజామున. నాకు, చేతిరాత పెద్దదవుతుంది.

ప్రతి గుర్తు పక్కన ఎవరు ఏం చేయాలో రాయాలి. వరసగా రెండు రాత్రులు అయిదు గంటల కన్నా తక్కువ నిద్రపోతే డాక్టరుకి ఫోను, అది ఎవరు చేయాలి, డాక్టరు అలాంటప్పుడు ఏం చేయమని ముందే చెప్పారు. యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించడం, క్రెడిట్ కార్డు ఇవ్వడం ఎవరికి, ఎన్ని రోజులకి. ఉద్యోగానికి రాజీనామా, బండి కొనడం, పెళ్లి ప్రపోజల్ లాంటివి అంత తొందరగా తేల్చకుండా ఇద్దరితో మాట్లాడి కొన్ని రాత్రులు నిద్రపోయి తేల్చడం. అన్నిటికన్నా ముఖ్యం మీరు ఏ మాటతో చెప్పాలో అతన్నే అడిగి రాయించుకోండి. "నీకు మళ్లీ వచ్చేస్తోంది" అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. "కాగితం తీద్దామా" అనడం మా ఇంట్లో చెల్లుతుంది. మీ ఇంట్లో ఏది చెల్లుతుందో అతనికే తెలుసు. ఈ రాసే పని ఇంట్లోవాళ్లతో చేస్తే గొడవ అవుతుంది, ఒంటరిగా చేస్తే రెండో పేజీ దగ్గర ఆగిపోతుంది. తోటి పేషెంటు పక్కన ఉంటే సాగుతుంది. ఇంగ్లండు పరిశోధనలోనూ మనిషి తోడున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు.

పాశ్చాత్య దేశాల నమూనా కాగితాల్లో దొరకనివి, మన బతుకుల్లో తప్పనివి కొన్ని ఉన్నాయి. వాటికి వేరే పేజీ పెట్టండి. బైపోలార్‌లో మాత్రలతో పాటు నిద్ర కూడా పెద్ద మందే, మన సంబరాలేమో సగం రాత్రిపూటే. ఒక్క రాత్రి జాగారంతో మేనియా మొదలైనవాళ్లున్నారు. అర్ధరాత్రి దాటి ముహూర్తం ఉన్న పెళ్లికి మీ తమ్ముడు భోజనం చేసి, వధూవరులకి ముందే శుభాకాంక్షలు చెప్పి పదింటికల్లా ఇంటికొచ్చి పడుకోవాలి. "అదేంటి, తాళి కట్టకముందే వెళ్లిపోయాడా" అని అడిగే పెద్దమ్మలకి సమాధానం చెప్పే పని మీది. శివరాత్రికి ఉపవాసం ఉన్నా జాగారం వద్దు. దేవుడు ఏమీ అనుకోడు, చుట్టాలు అనుకుంటారు.

అయ్యప్ప మాల సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కార్తీకం వచ్చిందంటే మా గ్రూపులో ఏటా ఈ చర్చే. మండల దీక్ష 41 రోజులు. తెల్లవారకముందే లేచి చన్నీళ్ల స్నానం, రాత్రి పొద్దుపోయేదాకా పడిపూజలు, భజనలు, తక్కువ తిండి, నేల మీద పడక. నిద్ర రెండు వైపులా కోసుకుపోతుంది. పైగా "మాల వేసుకున్నాక మందులెందుకు, స్వామే చూసుకుంటాడు" అనేవాళ్లు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. వద్దని నిషేధిస్తే కుర్రాడు దొంగచాటుగానైనా వేసుకుంటాడు, లేదా భక్తి కూడా జబ్బేనా అని మనసు కష్టపెట్టుకుంటాడు. నా సలహా, డాక్టరుకి ముందే చెప్పి, గురుస్వామికి మందుల సంగతి చెప్పి, రాత్రి పూజలు తగ్గించుకునే ఏర్పాటుతో వేసుకోవడం. కుదరకపోతే ఏకదినం మాలతో సరిపెట్టుకోవడం. ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టండి. దీక్ష ఆలోచన అకస్మాత్తుగా, నిద్ర తగ్గిన వారంలోనే వస్తే అది కాగితంలోని గుర్తుల్లో ఒకటి అవునో కాదో ముందు చూడాలి. రంజాన్ ఉపవాసాలుండే మిత్రులకీ ఇదే చెప్తాం. లిథియం వాడుతూ పగలంతా నీళ్లు మానేయడం డాక్టర్ని అడగకుండా చేయకూడని పని.

ఎండాకాలం. మీది గుంటూరు, ఎండలకి పేరుపడ్డ రెంటచింతల ఉన్న వైపు, నేను కొత్తగా చెప్పేదేముంది. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. విరేచనాలు, వాంతులు పట్టుకున్నా అంతే. బీపీ భయంతో ఒక్కసారిగా చప్పిడి తిండి మొదలుపెట్టినా అంతే. ఒళ్లునొప్పులకి మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కొని వేసుకున్నా పెరుగుతుంది. నొప్పికో జ్వరానికో ఏది వేసుకోవచ్చో డాక్టర్ని అడిగి కాగితంలో రాసి పెట్టుకోవాలి, సాధారణంగా పారాసిటమాల్ చెప్తారు. చెయ్యి మామూలు కన్నా ఎక్కువగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు కనిపిస్తే సాయంత్రం దాకా ఆగకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. లిథియం పరీక్షకి రక్తం ఆఖరి డోసు వేసుకున్నాక పన్నెండు గంటలు గడిచాక ఇవ్వాలి. పొద్దున మాత్ర వేసుకుని ల్యాబుకి వెళ్తే అంకె తప్పుగా వస్తుంది. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా డాక్టరు చెప్పిన గడువుకి చేయించాలి. ఈ జాగ్రత్తల్లో సగం నాకు డాక్టరు చెప్పినవి, సగం గ్రూపులో పెద్దవాళ్లు చెప్పినవి.

ఉద్యోగంలో అమెరికా టైముకి పనిచేసే షిఫ్టు అయితే పగటికి మార్పించుకోవాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని గుర్తిస్తుంది, పనిచోట తగిన సర్దుబాటు అనే మాట అందులో ఉంది. ఎంతవరకు చెప్పాలన్నది అతని ఇష్టం. "వైద్య కారణాల వల్ల రాత్రి షిఫ్టు కుదరదు" అని డాక్టరు రాసిచ్చిన ఒక్క లైను చాలాచోట్ల సరిపోతుంది.

గుంటూరులో గ్రూపు ఎక్కడ అన్నారు. ఉందో లేదో వెతకడం కన్నా మొదలుపెట్టడం తేలిక కావచ్చు. ముగ్గురు చాలు. మీరు చూపించుకునే చోట సైకియాట్రిస్టునో, సైకియాట్రిక్ సోషల్ వర్కర్నో అడిగితే, నిలకడగా ఉన్న ఒకరిద్దరిని వాళ్లని అడిగే కలుపుతారు. పేషెంట్ల నంబర్లు వాళ్లు మీకివ్వరు, ఇవ్వకూడదు. మీ తమ్ముడి నంబరు వాళ్లకి అందేలా చేయండి. ఎవరింట్లోనూ వద్దు. పార్కు, లైబ్రరీ, ఏదైనా స్కూల్లో ఆదివారం ఖాళీగా ఉండే గది సరిపోతుంది. గంటన్నరకి మించకూడదు.

నియమాలు ఎక్కువ పెట్టుకోకండి కానీ ఉన్నవి కచ్చితంగా ఉండాలి. ఎవరూ ఎవరికీ డోసు చెప్పకూడదు. "నేను మందులు మానేసి బ్రహ్మాండంగా ఉన్నా" అనే మనిషి ఏ గ్రూపుకైనా ఒకరోజు వస్తాడు. అతని అనుభవం అతనిది, చెప్పనివ్వండి, మిగతావాళ్లని మాన్పించే ప్రయత్నం చేస్తే మర్యాదగా ఆపాలి. జాతకాలు, మతప్రచారం, హెర్బల్ పౌడర్ల చైన్ మార్కెటింగ్ లోపలికి రాకూడదు. జబ్బు మనుషుల గుంపు కనబడితే ఇవన్నీ వాసన పట్టి వస్తాయి. గదిలో విన్నది గదిలోనే. దీనికి ఒకటే మినహాయింపు. ఎవరైనా చనిపోవాలనుందని చెప్తే దాన్ని రహస్యంగా దాచకూడదు. ఆ మనిషితోనే ఉండి ఇంట్లోవాళ్లకీ డాక్టరుకీ చెప్పాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడొచ్చు. వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే రాత్రి తొమ్మిదికి మూసేయండి. నిద్ర కాపాడుకోవాల్సినవాళ్లని అర్ధరాత్రి ఒకరి బాధతో ఒకరం లేపుకోవడం ఏం సాయం? మీటింగులో ప్రతిసారీ ఒక పని ఉండాలి, ఒకసారి గుర్తుల పేజీ, ఒకసారి నిద్ర, ఒకసారి మందుల అనుమానాలు. బార్సెలోనా గ్రూపు గుర్తుందిగా.

మేనియా నడుస్తున్నవాణ్ణి, ఎవరూ లేకుండానే గొంతులు వినిపిస్తున్నవాణ్ణి గ్రూపుకి తీసుకురాకండి. గ్రూపు అతన్ని మోయలేదు, అతనికీ మేలు జరగదు. అప్పుడు ఆసుపత్రే.

ఆ గదిలోకి మీరు కూడా వెళ్లకూడదు. మీ ఎదురుగా అతను నోరు విప్పడు. మీలాంటి అక్కలు, అమ్మలు, భార్యలు వేరే కూర్చోవాలి, మీకు చెప్పుకోవాల్సింది చాలా ఉంది కదా. ఇంట్లో మాత్రలు లెక్కపెట్టడం మానేయండి. వారానికోసారి అతనే మాత్రల డబ్బా నింపుకునేలా ఒప్పందం చేసుకోండి. ఫోన్ ఎత్తగానే మొదటి మాట "మందులేసుకున్నావా" కాకుండా చూడండి.

మీ ప్రశ్న చివర్లో ఒక్క ముక్కలో పెళ్లి గురించి కూడా అడిగారు. చెప్పి చేయండి. పెళ్లి చేస్తే కుదురుకుంటాడనే మాట విని, దాచి చేసిన పెళ్లిళ్ల కథలు మా దగ్గర చాలా ఉన్నాయి, ఒక్కటీ సుఖంగా మొదలవలేదు. హిందూ వివాహ చట్టం ప్రకారం ముఖ్యమైన విషయం దాచి ఒప్పించడం పెళ్లి రద్దుకి కారణం కావచ్చు. దానికన్నా ముందు, ఆ అమ్మాయి ముందు మాత్ర దాచుకుని మింగాల్సిన గతి పట్టిన మొదటి నెలలోనే చాలామంది మాత్ర మానేస్తారు.

చివరగా చట్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, పెద్దవాళ్లెవరైనా తమకి జబ్బు ముదిరి నిర్ణయం తీసుకోలేని స్థితి వస్తే ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసి పెట్టుకోవచ్చు. సాక్షులతో సంతకం చేయించి మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డులో నమోదు చేయించాలి. అత్యవసర చికిత్సకి అది అడ్డు రాదు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని కూడా అతనే ఎంచుకోవచ్చు. నమోదు దాకా వెళ్లకపోయినా, అతను రాసుకున్న కాగితం కాపీ ఒకటి డాక్టరు ఫైల్లో పెట్టమని అడగండి.

ఆ ప్రతినిధి చోట అతను మీ పేరు రాయకపోవచ్చు. రూమ్మేట్ పేరో, గ్రూపులో పరిచయమైన మనిషి పేరో రాయొచ్చు. ఆసుపత్రిలో చేర్చింది మీరే కాబట్టి ఇప్పట్లో మీ పేరు రాయడానికి మనసొప్పకపోవచ్చు కూడా. అలా జరిగితే వాదించకండి. ఆ మనిషిని ఒకసారి ఇంటికి భోజనానికి పిలిచి, డాక్టరు నంబరూ మీ నంబరూ ఇచ్చి, ఏ రాత్రైనా ఫోన్ చేయొచ్చని చెప్పండి.